డ్యూటీకి అరగంట ముందు

నీ ఉద్యోగం ఏమిటని ఆళ్ళగడ్డలో ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఊరికి రైలు లేదు. రైలంటే వాళ్ళకు ఇంజను, డ్రైవరు, టికెట్లు అడిగే నల్లకోటాయన, అంతే. పాయింట్స్‌మన్ అంటే ఎవరికీ తెలియదు. అందులోనూ ఆడది పాయింట్స్‌మన్ అంటే నవ్వు. మా అక్క అత్తగారికి మూడుసార్లు వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే నువ్వు గేటేసే పనిలో ఉండావు" అని తేల్చేసింది. గేటు కాదవ్వా మొర్రో అన్నా వినలేదు. చర్చిలో కూడా అదే చెప్పింది, "మా పిల్ల గేటేస్తాది" అని.

గేటు కాదు. రైలుకు స్టీరింగు ఉండదు, తనంతట తాను పక్కకు తిరగలేదు. పట్టాలు రెండు దారులుగా చీలే చోట నాలుకల్లాంటి రెండు సన్నని పట్టాలుంటాయి. ఆ నాలుకలు ఏ వైపుకు అతుక్కుంటే బండి ఆ దారిన పోతుంది. దాన్నే పాయింటు అంటారు. దాన్ని మార్చడమే పాయింట్స్‌మన్ పని. నంద్యాల యార్డులో చాలా పాయింట్లు లోపల కూర్చుని మీట నొక్కితే మోటారుతో మారతాయి. నేను చేరినప్పుడు గూడ్స్ షెడ్డు లైనుది మాత్రం చేత్తో లివరు లాగి మార్చేదే. మార్చాక తాళం వేయాలి. ఆ తాళంచెవి డ్యూటీలో ఉన్నవాళ్ళ దగ్గర ఉంటుంది. డ్యూటీ మారేటప్పుడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలో పడాలి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి.

ఆ ఉద్యోగం మా ఆయనది. నలభై నాలుగేళ్ళకే గుండె ఆగి పోయాడు. ఆయన బదులు నాకిచ్చారు. అప్పటిదాకా నంద్యాలలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన పోయాక ఆ ఇంట్లో నేనూ పిల్లా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉండలేక ఆళ్ళగడ్డలో మా అక్క ఇంటికి వచ్చేశాం. పిల్లను అక్కడే బడిలో వేశాను. నేను రోజూ బస్సులో నంద్యాలకు పోయి వచ్చేదాన్ని. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుందామంటే మా అక్క ఇంటి పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు. పొద్దున తొమ్మిదికి ఉలి మొదలైతే సాయంత్రం దాకా టక్కు టక్కు. మొదట్లో ఆ శిల్పులతో పోట్లాడాను. తర్వాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

నాకు పని నేర్పింది మా యార్డులో అందరికంటే పెద్దవాడైన పాయింట్స్‌మన్. నేను అన్నా అని పిలిచేదాన్ని. భార్య చనిపోయి ఒంటరిగా ఉండేవాడు. మాట తక్కువ. మొదటి రోజు లివరు పట్టుకుని నేను వేలాడాను తప్ప అది కదల్లేదు. అటుపక్క బస్తాలు మోసేవాళ్ళు చూసి నవ్వారు. ఈయన నవ్వలేదు, సాయానికీ రాలేదు.

"చేతుల్తో గాదు పాపా, నడుముతో లాగల్ల. బాయిలో నీళ్ళు చేదుతాం సూడు, అట్ల" అన్నాడు.

అట్లే లాగాను. కదిలింది. నా ఆనందం నాకుండగానే మళ్ళీ అన్నాడు, "మార్సినంక వంగి కంటితో సూడల్ల. కాలు పెట్టి తొక్కి సూడల్ల. గులకరాయి ఒగటి ఇరుక్కుంటే సాలు. మారిందని నువ్వనుకుంటావు, బండి అనుకోదు."

ఆ మాట నేను ఈ రోజుకూ ప్రతి పాయింటు దగ్గరా మనసులో అనుకుంటాను. పాఠాలు చెప్పే ట్రైనింగు స్కూల్లో నెలరోజులు కూర్చున్నాను కానీ, నాకు ఒంటబట్టింది ఈ ఒక్క ముక్కే.

ఇక నా బాధ ఏమిటంటే పొద్దున బస్సు. నైట్ డ్యూటీ ఆరింటికి దిగుతుంది. ఆరింటికి అప్పగింతలు పెట్టి, ఆటో పట్టుకుని బస్టాండు చేరేసరికి ఆరు గంటల బస్సు పోయేది. తర్వాతది ఎక్కి ఇల్లు చేరితే పిల్ల అప్పటికే బడి వ్యాను ఎక్కి ఉండేది. పదో తరగతి పిల్ల. వాళ్ళ నాయన పోయినప్పటి నుంచి నేను ఎదురుగా లేకపోతే ముద్ద ముట్టదు. మా అక్క గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంచి వెళ్ళేది. ఒక రోజు ఆ కడుపుమంటలో యార్డులో గోడను చూసి తిట్టుకుంటున్నాను, "ఆరు గంటల బస్సు ఐదు నిమిషాలు నిలబడితే వాళ్ళ సొమ్మేం పోతాది" అని. పెద్దాయన వెనకే ఉన్నాడని నాకు తెలియదు.

మరుసటి నైట్ డ్యూటీలో పొద్దున ఐదున్నరకే వచ్చి నిలబడ్డాడు.

"ఏందన్నా, ఇంత బేగా వొచ్చినావు?" అన్నాను.

"నిద్ర పట్టల్యా. నువ్వు సంతకం పెట్టి పో" అన్నాడు.

మరుసటి రోజూ ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ మరుసటి రోజూ. మా ఇద్దరి డ్యూటీలు వరసగా పడేవి. దాదాపు ఏడాది పాటు నేను నైట్ డ్యూటీ దిగే పొద్దుల్లో మాత్రమే ఆ మనిషికి నిద్ర పట్టేది కాదు. నేనేం వెర్రిదాన్నా, తెలియకపోవడానికి? కానీ "ఎందుకన్నా" అని అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తాడో అని భయం. ఆరు గంటల బస్సెక్కి, ఏడు దాటేసరికి ఇంట్లో ఉండి, పిల్లకు జడ వేసి, ఇంత అన్నం తినిపించి వ్యాను ఎక్కించేదాన్ని. పిల్ల మళ్ళీ ఒళ్ళు చేసింది. ఆ అరగంట వల్లే చేసింది.

అరగంట ముందు అప్పగించినా పుస్తకంలో ఆరు గంటలనే రాసేవాళ్ళం. తాళంచెవి చేతిలో పెట్టడం కూడా పోనుపోను మానేశాం. నేను దాన్ని డ్యూటీ గదిలో మేకుకు తగిలించేదాన్ని, ఆయన అందినట్టు సంతకం పెట్టేవాడు. "పో పో, బస్సు దాటిపోతాది" అనేవాడు. నమ్మకం ముదిరితే ఇట్లాగే ఉంటుంది.

ఆ రోజు గూడ్స్ షెడ్డు లైనులో యూరియా దించేసిన ఖాళీ వ్యాగన్లున్నాయి. తెల్లవారుజామున వాటి వెనకాల పాయింటు మార్చి, వంగి చూసి, తొక్కి చూసి, తాళం వేశాను. తాళంచెవి నా నారింజ రంగు జాకెట్టు జేబులో వేసుకున్నాను. ఆ జాకెట్టు ఎప్పుడూ స్టేషన్లోనే వదిలి వచ్చేదాన్ని. ఆ రోజు దానికి నిండా గ్రీజు అంటింది, ఉతుకుదామని సంచిలో కుక్కుకున్నాను. పెద్దాయన వచ్చాడు. సంతకాలు పెట్టాం. మేకు వైపు ఇద్దరమూ చూడలేదు.

పిల్ల బడికి పోయాక ఎనిమిది దాటి ఉంటుంది, దొడ్లో కూర్చుని జాకెట్టు బకెట్లో ముంచాను. టంగుమంది. చెయ్యి పెట్టి తీస్తే ఇత్తడి బిళ్ళతో సహా తాళంచెవి.

చచ్చాను రా దేవుడా అనుకున్నాను. నా గుండెకాయ నీళ్ళలో పడినట్టయింది. గూడ్స్ షెడ్డు వ్యాగన్లు లాగడానికి ఇంజను పదింటికి రావాలి. పాయింటుకు తాళం. తాళంచెవి నలభై కిలోమీటర్ల దూరంలో సబ్బు నురగలో. రెండో తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర సీలు వేసిన కవర్లో ఉంటుంది కానీ, ఆ సీలు చింపితే పైకి రాసి తీరాలి. రాస్తే ఎవరిమీద రాస్తారు? అందినట్టు సంతకం పెట్టినాయన మీద. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు మూడు నెలలు కూడా లేదు. ఆ సమయంలో చార్జిషీటు పడితే పింఛను కాగితాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయని మా యార్డులో చిన్నాపెద్దా అందరికీ తెలుసు.

ఫోను చూస్తే ఆయనవి రెండు కాల్స్. బస్సులో నిద్రపోదామని నేనే సౌండు తీసేశాను. తిరిగి చేశాను.

"యాడుండాది?" అన్నాడు. ఇంకేం అడగలేదు.

"నా దగ్గరే అన్నా. జాకెట్టులో వొచ్చేసింది. పొరపాటయిపాయ, నా సేతులిరిగిపోనూ..."

"అరవద్దు. అరిస్తే ఆళ్ళగడ్డంతా ఇంటాది. నా దగ్గర్నే యాడో పడిపోయిందని మాస్టర్‌కు చెప్పినా. ఎతుకుతాండా. నువ్వు మెల్లిగా వొచ్చి నీళ్ళ కొళాయి కాడ నా చేతిలో పెట్టి ఎల్లిపో. రాళ్ళల్లో దొరికిందని నేను చెప్తా. ఎవురికీ ఏం కాదు."

"నీకు పిచ్చా అన్నా? పోగొట్టింది నేను గదా."

"నీ ఉద్యోగం ఇంకా ఖాయం గాల్యా. నోరు మూసుకోని రా" అని పెట్టేశాడు.

చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను. బస్సు లేదు. అహోబిలం నుంచి వస్తున్న ఒక జీపు ఆపాను. నిండా యాత్రికులు, ఒకరి ఒళ్ళో ఒకరు. నంద్యాలలో రైలు ఎక్కాల్సినవాళ్ళు. డ్రైవరు జాగా లేదన్నాడు. ఒక పెద్దావిడ కాళ్ళు ముడుచుకుని, "ఎక్కమ్మా" అంది. ఆమెవరో నాకు తెలియదు, మళ్ళీ చూడలేదు. ఆమె చల్లగా ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

నేను ప్రతి రెండు నిమిషాలకూ "బేగా పోన్యప్పా" అంటుంటే డ్రైవరుకు విసుగొచ్చింది. "ఏందక్కా, రైలు నీకోసం నిలబడిండాదా?" అని ఎగతాళి చేశాడు.

"అవునప్పా, నాకోసమే నిలబడిండాది" అన్నాను. జీపులో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

దారి పొడుగునా ఒకటే లెక్క. ఆయన చెప్పినట్టు చేస్తే ఇద్దరం బతికిపోతాం. దొరికిందంటే దొరికింది, ఎవరు అడుగుతారు? పిల్ల గుర్తొచ్చింది. ఇంటికి నా జీతం ఒక్కటే ఆధారం. నోరు మూసుకుందామనే నిర్ణయించుకున్నాను. ఈ మాట దాచడం ఎందుకు, నంద్యాల బస్టాండు దాటి జీపు స్టేషను ముందు ఆగేదాకా నా ఉద్దేశం అదే.

నీళ్ళ కొళాయి వైపు నుంచి యార్డులోకి పోయాను. పెద్దాయన కనిపించాడు. యాభై తొమ్మిదేళ్ళు దాటిన మనిషి, ఎండలో, పట్టాల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్క కంకర రాయీ ఎత్తి పక్కన పెడుతున్నాడు. లేదని తెలిసిన చోట వెతుకుతున్నాడు. రెండు గంటలుగా. ప్యాంటు మోకాళ్ళు మట్టికొట్టుకుపోయాయి. స్టేషన్ మాస్టర్ ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తున్నాడు. ఆయన కోస్తా నుంచి వచ్చినాయన, మా ఇద్దరికంటే చిన్నవాడు. దూరంగా ఇంజను హారన్ వినిపించింది.

పెద్దాయన నన్ను చూసి కొళాయి వైపు తల ఊపాడు. నేను కొళాయి దగ్గర ఆగలేదు. నా వల్ల కాలేదు. నేరుగా ప్లాట్‌ఫారం ఎక్కి స్టేషన్ మాస్టర్ ముందు చెయ్యి చాపాను.

"సార్, ఇది నా దగ్గరే ఉంది. జాకెట్టులో ఇంటికి తీసుకుపోయాను. ఆయన తప్పేం లేదు" అన్నాను.

పెద్దాయన ఆ వయసులో పట్టాలు దాటుకుంటూ పరుగెత్తి వచ్చాడు. అంత కోపం ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

"దానికేం తెలీదు సార్. నా చేతికే ఇచ్చింది. నేనే పారేసుకున్న్యా."

"నీ చేతికి ఎప్పుడిచ్చిన్యా? అబద్ధాలు ఆడొద్దు అన్నా!"

"సంతకం నాది గదా? అందిందని రాసింది నేను గదా? నోరు మూసుకోమని చెప్పిన్యా ల్యా?"

"మూసుకోను! నువ్వు ఎండలో రాళ్ళేరుతాంటే నేను కొళాయి కాడ నిలబడల్లనా?"

మేం అరుచుకుంటూనే ఉన్నాం. టీ అమ్మే అతను క్యాను కింద పెట్టి మరీ చూస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీద నా జీపు యాత్రికులు కూడా ఉన్నారు.

స్టేషన్ మాస్టర్ కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "బయట ఇంజను వచ్చి నుంచుందండీ. ముందు వెళ్ళి పాయింటు తియ్యండి. తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందురుగాని" అన్నాడు.

ఇద్దరం పోయాం. నేను తాళం తీశాను, ఆయన లివరు లాగాడు. ఇద్దరం వంగి చూశాం.

స్టేషన్ మాస్టర్ జరిగింది జరిగినట్టే రాశాడు. నేనే ఒప్పుకుని తిరిగి తెచ్చిచ్చానని, బండి ఆలస్యం కాలేదని కూడా రాశాడు. ఆ రెండు ముక్కలు రాయకపోయినా ఆయన్ని అడిగేవాడు లేడు. పది రోజులకు కాగితాలు వచ్చాయి. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి జరిగింది. పెద్దాయనకు హెచ్చరిక. అంతే. పింఛను జోలికి పోలేదు. ఆ కాగితం చేత్తో పట్టుకుని నేను గూడ్స్ షెడ్డు వెనక్కి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఇక ఆ గొడవతో అరగంట ముందు రావడం అయిపోయిందనుకున్నాను. ఆలస్యపు బస్సే ఎక్కుదామని, అక్కకు కూడా చెప్పి ఉంచాను. ఆ పది రోజులూ నాకు పగటి డ్యూటీలే. కాగితాలొచ్చాక మొదటి నైట్ డ్యూటీ. పొద్దున ఐదున్నరకు గది తలుపు తోసుకుని ఆ మనిషి లోపలికి వచ్చాడు.

నాకు తిక్క రేగింది. "నిన్నెవురు రమ్మన్న్యారు? హెచ్చరిక కాగితం సాల్లేదా? నీ పింఛను మీదికి తెచ్చినదాన్ని. నేను నీకేం అవుతానని ఇట్ల చేస్తాండావ్?" అని అరిచాను.

ఆయన కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. అప్పుడు చెప్పాడు.

"నా భార్యకు పక్షవాతమొచ్చి మంచాన ఎనిమిదేండ్లుండె. పక్కింటామె సూసుకునేది గానీ, ఆమె పొద్దున్నే మిరపతోటకు కూలికి పోవల్ల. ఆమె పోయే యాళకు నేను ఇంట్లో ఉండల్ల. నైట్ డ్యూటీ ఇడిసిపెట్టి యాడ పోయేది? మీ ఇంటాయన అరగంట ముందొచ్చి నన్ను పంపించేటోడు. ఎనిమిదేండ్లు, ఒగ రోజు గూడా తప్పల్యా. నిద్ర పట్టల్యా అనేటోడు. ఎవురికీ చెప్పొద్దని నేనే అన్న్యా."

చెయ్యి చాపాడు. "తాళంచెవి" అన్నాడు. నేను ఆయన అరచేతిలో పెట్టాను. బిళ్ళ మీది నంబరు పైకి చదివి సంతకం పెట్టాడు. "పో, బస్సు దాటిపోతాది" అన్నాడు.

బస్సెక్కాను. ఎట్లా ఎక్కానో తెలియదు. నంద్యాల అద్దె ఇంట్లో ఆ ఎనిమిదేళ్ళలో మా ఇద్దరికీ నడిచిన పోట్లాటల్లో సగం దీని గురించే. పొద్దున డ్యూటీకి ఇంకా బోలెడు సమయముండగానే మా ఆయన చొక్కా తొడుక్కునేవాడు. చద్దన్నం సగంలో లేచేవాడు. పిల్లకు జ్వరమొచ్చిన రోజు కూడా లేచాడు. "ఇంట్లో ఉంటే నీకు ముండ్లు గుచ్చుకుంటాయా? పెండ్లాం బిడ్డ మొగం సూడబుద్ధి కాదా?" అని నేను గిన్నెలు విసిరేదాన్ని. ఆయన తల వంచుకుని సైకిలెక్కి పోయేవాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నేనేం స్టేషనుకు పోయి చాటింపు వేసేదాన్నా? ఏమో, వేసేదాన్నేమో. నా నోటి సంగతి ఆయనకు తెలుసు.

ఇంట్లో పిల్ల దువ్వెన పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చెప్పేశాను. పెద్దాయన సంగతి, పక్షవాతం సంగతి, వాళ్ళ నాయన అరగంట ముందు పోవడం, అంతా. మీ నాయన చేసిన పుణ్యమే ఇన్నాళ్ళూ మనకు అన్నం తినిపించింది, ఆ ఇద్దరి రుణం మనం తీర్చుకోలేం అన్నాను.

పిల్ల మొత్తం విన్నది. "మరి నువ్వు నాయన్ను అట్ల ఎందుకు తిడ్తాంటివి మా?" అంది.

"తెలీక" అన్నాను.

దువ్వెన పక్కన పెట్టి నా ఒళ్ళో తల పెట్టుకుంది. బయట వ్యాను హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు దాన్ని బడికి పంపలేదు.